గుమ్మం దగ్గర ఆగిన అడుగు
(ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా పెద్దమ్మ పదేళ్లపాటు పార్కిన్సన్స్ జబ్బుతో బాధపడింది. వంటింటి గుమ్మం దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోయేది. అదే మనిషి మేడమెట్లు చకచకా ఎక్కేది. పని తప్పించుకోడానికి నటిస్తోందని ఇంట్లో అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

అది నటన కాదు. ఆలోచించకుండా నడిచే శక్తి దెబ్బతిన్నప్పుడు, కంటికి ఒక గుర్తు దొరికితే అడుగు పడుతుంది. మెట్లు అలాంటి గుర్తులే. నేలమీద అడ్డగీతలుంటే ఈ రోగులు వాటిని దాటుతూ నడవగలరని బ్రిటిష్ వైద్యుడు పర్డన్ మార్టిన్ 1967లోనే రాశాడు. గుమ్మం ముందు ముగ్గుపిండితో నాలుగు గీతలు గీసి చూడాల్సింది. మాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడా గీతలు కళ్లద్దాల్లోకి వచ్చాయి. మిక్స్‌డ్ రియాలిటీ అంటే అదే. ఎదుటి గది మామూలుగానే కనిపిస్తుంది, దాని నేలమీద కంప్యూటర్ గీసిన గీతలూ కనిపిస్తాయి. మనిషి ఎటు వెళితే అటు వస్తాయి. ఇంట్లోనే నడక అభ్యాసం చేయొచ్చు. మంచిదే. కానీ 2019లో వచ్చిన హోలోలెన్స్ 2 ధర 3,500 డాలర్లు, బరువు అరకిలో పైనే. చూపు మేర తక్కువ. పాదాల దగ్గరి గీత కనిపించాలంటే తల వంచాలి, అసలే ముందుకు వంగిపోయిన మనిషి! నిలబడ్డచోటే తిరిగేటప్పుడు ఇలాంటి అద్దాల వల్ల బిగుసుకుపోవడం తగ్గలేదని 2020లో నెదర్లాండ్స్ పరిశోధకులు తేల్చారు. 2024లో కంపెనీ హోలోలెన్స్ తయారీయే ఆపేసింది. వేరేవి వస్తున్నాయి.

పరికరాలు వద్దనను. అవి ఎవరిదాకా వస్తాయన్నదే నా ప్రశ్న. తాతయ్యకు జబ్బు చేస్తే ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలుస్తాం. అమ్మమ్మకైతే "వయసు కదా" అంటాం. అద్దాలు తగిలించి, పడిపోకుండా పక్కన నిలబడేది ఎలాగూ కోడలే.

1995 చట్టంలో పార్కిన్సన్స్ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఉంది. పునరావాస సేవలు అందించాలని 27వ సెక్షన్ ప్రభుత్వానికి చెబుతుంది, "ఆర్థిక స్తోమత మేరకు" అనే మెలిక పెట్టి. చాలా సదుపాయాలకు 40 శాతం వైకల్యమున్నట్టు సర్టిఫికెట్ కావాలి. అసలు చిక్కు అక్కడే. మందు పనిచేసే గంటలో బాగానే నడిచే మనిషి, అది దిగిపోయాక మంచం దిగలేదు. అందుకే పరీక్షకు వెళ్లే స్త్రీతో మనలో ఒకరు వెళ్లాలి. ఏ గంటలో ఎలా ఉంటుందో రాసుకెళ్లి చూపించాలి.

మా పెద్దమ్మను 2018లో ఉదయం పదింటికి, మందు వేసుకున్న గంటకు పరీక్షించారు. విశాలమైన హాల్లో నడవమన్నారు. చక్కగా నడిచింది.