ఒక ఇంటి అన్నదమ్ములు

(స్మారకోపన్యాసం)

ఏటా జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలిచి మతోన్మాదం గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద మాటను పట్టుకుని గాల్లో తిరగడం నాకు చేతకాదు. అందుకని ఒక్క ఊరు, ఒక్క ఇల్లు, ఒక్క కేసు తీసుకుంటాను.

ఊరు తూలూజ్, దక్షిణ ఫ్రాన్సులో ఉంది. 2012 మార్చి 11న ఇమాద్ ఇబ్న్ జియాతెన్ అనే సైనికుడు తన మోటార్‌సైకిల్ అమ్మకానికి పెట్టి, కొంటానన్న మనిషిని కలవడానికి వెళ్ళాడు. వచ్చినవాడు తుపాకీ తీసి బోర్లా పడుకోమన్నాడు. ఇమాద్ పడుకోనన్నాడు. నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే కాల్చేశాడు. నాలుగు రోజులకు మోంతొబాన్‌లో మరో ఇద్దరు సైనికుల్ని చంపాడు. మూడో సైనికుడు ఒళ్ళంతా చచ్చుబడి బతికాడు. 19వ తేదీ పొద్దున్నే, పిల్లల్ని బడిలో దింపే వేళకి, ఓజార్ హతోరా అనే యూదుల బడి ముందు స్కూటర్ ఆపాడు. ఒక ఉపాధ్యాయుణ్ణి, ఆయన ఇద్దరు పసికొడుకుల్ని, ప్రధానోపాధ్యాయుడి కూతుర్ని కాల్చాడు. మొత్తం ఏడు ప్రాణాలు. ఇదంతా ఒంటికి కట్టుకున్న కెమెరాలో తీసుకున్నాడు. పోలీసులు అతని ఇల్లు చుట్టుముట్టారు, 32 గంటల ముట్టడి తర్వాత 22న వాళ్ళ చేతిలో చచ్చాడు. పేరు మొహమ్మద్ మెరా, వయసు 23. అల్జీరియా నుంచి వచ్చిన కుటుంబమే గానీ, వాడు పుట్టి పెరిగింది తూలూజ్‌లోనే.

పేరు బయటికి రాకముందు జనం ఏమనుకున్నారన్నది కూడా చెప్పుకోవాలి. చనిపోయిన సైనికులు ముగ్గురూ ఉత్తరాఫ్రికా మూలాలవాళ్ళు, ఆ తర్వాత పోయినవాళ్ళు యూదులు. కాబట్టి ఇది నాజీ పిచ్చి ఉన్న తెల్లవాడి పనే అయి ఉంటుందన్నారు. అంతకు కొన్నేళ్ళ ముందు నాజీ జెండాతో ఫొటో దిగి సైన్యం నుంచి బయటికొచ్చిన ముగ్గురి మీద అనుమానం నడిచింది. పేరు తెలిసిన మర్నాటి నుంచీ అవే నోళ్ళు అంతే ధీమాగా ఇంకోవైపు తిరిగాయి. మనకిది కొత్తేం కాదు. హైదరాబాద్ మక్కా మసీదులో 2007 మే 18న బాంబు పేలాక పాతబస్తీ కుర్రాళ్ళని పట్టుకెళ్ళారు. వాళ్ళు నిర్దోషులని తేలాక కేసు మరోవైపు మళ్ళింది. 2018 ఏప్రిల్‌లో అలా నిందితులైన ఐదుగురినీ కోర్టు విడిచిపెట్టేసింది. చనిపోయినవాళ్ళ ఇళ్ళకి మాత్రం జవాబు చేరలేదు.

ఇక ఇంటి సంగతి. తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రి మాదకద్రవ్యాల కేసులో జైలుకెళ్ళి, ఆ తర్వాత అల్జీరియా వెళ్ళిపోయాడు. తల్లి ఒక్కతే ఐదుగురు పిల్లల్ని సాకింది. ముగ్గురు కొడుకుల్లో పెద్దవాడు అబ్దెల్‌ఘనీ, నడిమివాడు అబ్దెల్‌ఖాదర్, చిన్నవాడు మొహమ్మద్. చిన్నవాడు ముందు చిల్లర దొంగ. బ్యాగు లాక్కున్న కేసులో జైలుకి వెళ్ళొచ్చాడు. తర్వాత అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ తిరిగొచ్చాడు. నిఘావాళ్ళు 2011లో పిలిచి మాట్లాడి పంపించేశారు. కాల్పులయ్యాక నిఘా సంస్థ అధిపతి ఇతణ్ణి ఒంటరి తోడేలన్నట్టుగా చెప్పుకొచ్చారు. అలా అనేస్తే అందరికీ హాయి. ఇల్లూ, వీధీ, పోలీసు ఆఫీసూ, ఎవరూ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

ఆ హాయిని చెడగొట్టింది పెద్దన్నే. తమ్ముడు చచ్చిన ఏడాదిలోనే అబ్దెల్‌ఘనీ పుస్తకం రాశాడు. మా ఇంట్లో యూదుల మీద ద్వేషం ఉగ్గుపాలతో పట్టారన్నాడు. తను కలిసి బతుకుతున్న స్త్రీకి యూదు తాత ఉన్నాడని తెలిసి, 2003లో నడిమి తమ్ముడు అబ్దెల్‌ఖాదర్ తనని కత్తితో పొడిచాడు. చిన్నవాడికప్పుడు పద్నాలుగో పదిహేనో ఏళ్ళు. అన్నని అన్న పొడిచిన ఇంట్లో ఆ పిల్లవాడేం నేర్చుకున్నాడో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పొడిచినవాడు ఆ తర్వాతా ఆ ఇంటి కొడుకుగానే చలామణీ అయ్యాడన్నది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. కుటుంబ ప్రభావమంటే బోధలూ ప్రమాణాలూ అనుకుంటాం. చాలాసార్లు అది అన్నం దగ్గర ఒకడు ఒక మాట అంటే మిగతావాళ్ళు తలెత్తకుండా తినడం. 2012 నవంబర్‌లో అబ్దెల్‌ఘనీ రహస్యంగా రికార్డు చేసిన ఒక సంభాషణ ఫ్రెంచి టీవీలో వచ్చింది. అందులో వాళ్ళ సోదరి చచ్చిన తమ్ముణ్ణి చూసి గర్వపడుతున్నానంది.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటాం మనం. ఆ ఇంట్లో ఒక దూడ గట్టునే మేసింది మరి. అదే తల్లి, అదే ఇరుకిల్లు, అవే మాటలు. అయినా పెద్దవాడు 2017లో మార్సేయ్ నుంచి పారిస్ దాకా ఉన్మాదానికి వ్యతిరేకంగా కాలినడకన వెళ్ళాడు. ఇల్లే అన్నిటికీ మూలమనేవాళ్ళు ఇతణ్ణి లెక్కలోంచి తీసేస్తారు. ఇంటికేం సంబంధమనేవాళ్ళు ఆ కత్తిపోటుని తీసేస్తారు. రెండూ ఉన్నాయి గనకే ఈ కేసు నన్ను వదలదు.

కోర్టుకి కూడా ఇదే చిక్కొచ్చింది. 2017లో అబ్దెల్‌ఖాదర్ మీద విచారణ జరిగింది. తమ్ముడు హత్యలకు వాడిన స్కూటర్ దొంగిలించినప్పుడు తనూ పక్కనున్నానని అతనే ఒప్పుకున్నాడు. హత్యల సంగతి మాత్రం తెలియదన్నాడు. పెద్దకొడుకు వచ్చి తమ్ముడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. తల్లి నడిమివాడి పక్షాన నిలబడింది. ఆమె కూడా కొడుకుని పోగొట్టుకున్న తల్లేనని డిఫెన్సు లాయరు ఎరిక్ దుపాన్-మొరెత్తి అంటే దేశమంతా భగ్గుమంది. మూడేళ్ళు తిరక్కుండా ఆయనే న్యాయశాఖ మంత్రి కావడం వేరే కథ. నా మటుకు, లాయరన్నవాడు అనవలసిన మాటే ఆయనన్నాడు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు అది విని భరించాలని మాత్రం నేననను.

కింది కోర్టు ఉగ్రవాద ముఠాలో ఉన్నందుకు 20 ఏళ్ళ శిక్ష వేసింది, హత్యల్లో పాత్ర రుజువు కాలేదంది. జనం మండిపడ్డారు. 2019 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఆ పాత్ర కూడా ఉందని తేల్చి 30 ఏళ్ళు చేసింది. ఈ రెండు తీర్పుల మధ్య ఉన్న ఖాళీ చూడండి. తమ్ముడి బుర్రలో విషం పోయడానికి ఏ చట్టంలోనూ సెక్షను లేదు, ఉండకూడదు కూడా. స్కూటర్ దొంగతనంలో పక్కన నిలబడటం దొరుకుతుంది. అన్నం దగ్గరి మాట ఏ కోర్టుకీ దొరకదు. ఆ పని మనది.

శవాల సంగతి చెప్పాలి. హంతకుణ్ణి పాతిపెట్టడానికి అల్జీరియా ఒప్పుకోలేదు. తూలూజ్ మేయరు వాయిదా వేయమన్నాడు. ఎన్నికల ప్రచారంలో ఉన్న అధ్యక్షుడు సర్కోజీ, అతను ఫ్రెంచివాడు, రభస వద్దు, పాతిపెట్టండన్నాడు. చివరికి మార్చి 29న ఊరి పక్కనే కోర్నబారియు శ్మశానంలో పూడ్చారు. మన దగ్గరా ఇలాగే జరిగింది. 2008లో ముంబై మీద దాడి చేసి చచ్చిన తొమ్మిదిమందికి మా శ్మశానంలో చోటివ్వబోమని అక్కడి ముస్లిం ట్రస్టు తెగేసి చెప్పింది. శవాలు ఏడాదికి పైగా జేజే ఆస్పత్రి మార్చురీలో ఉండి, 2010 జనవరిలో గుట్టుగా మట్టిలో కలిశాయి. ఆ ట్రస్టు పెద్దల బాధ నాకర్థమవుతుంది. కాకపోతే ప్రతి దాడి తర్వాతా ముస్లింలు మాత్రమే ఇలా తమని తాము రుజువు చేసుకోవలసి రావడం ఏమిటని కూడా అడగాలి. తూలూజ్‌లో బడి దగ్గర పోయినవాళ్ళని జెరూసలేం తీసుకెళ్ళారు. ఫ్రాన్సు యూనిఫాం వేసుకుని చచ్చిన ఇమాద్ మొరాకోలో ఉన్నాడు. హంతకుడు తూలూజ్ పక్కనే ఉన్నాడు.

ఇమాద్ తల్లి లతీఫా మొరాకోలో పుట్టి ఫ్రాన్సులో ఐదుగురు పిల్లల్ని పెంచిన మనిషి. కొడుకు చచ్చిన తొలి రోజుల్లో, ఆ పేరు చూసి, మత్తుమందుల గొడవేమోనన్న అనుమానంతో పోలీసులు తమనే నిందితుల్లా ప్రశ్నించారని ఆవిడ చెప్పింది. ఆ తర్వాత ఆవిడ మెరా పెరిగిన ఇజార్ పేటకి వెళ్ళింది. మెరా ఇల్లెక్కడని అక్కడి కుర్రాళ్ళని అడిగితే, వాడు వీరుడమ్మా, అమరుడమ్మా అన్నారట. వాడు మొదట చంపింది నా కొడుకునే అందావిడ. కుర్రాళ్ళు క్షమించమన్నారు. వాళ్ళలో కరుడుగట్టినవాళ్ళు ఎందరో, ఊసుపోక అన్నవాళ్ళు ఎందరో తెలియదు. నా అనుమానం, ఆ మాట అన్నప్పుడు ఎదురు చెప్పిన పెద్దమనిషి అంతవరకూ వాళ్ళకి తగిలి ఉండడు. లతీఫా కొడుకు పేరిట సంఘం పెట్టి బడులూ జైళ్ళూ తిరగడం మొదలుపెట్టింది.

దేశం ఆవిడకి బిరుదులిచ్చింది. 2015 డిసెంబర్‌లో, పారిస్ దాడులు జరిగి నెలైనా తిరక్కముందే, పార్లమెంటు భవనంలో ఒక సభకి ఆవిడని మాట్లాడటానికి పిలిచారు. కొడుకు పోయిన నాటి నుంచీ కట్టుకుంటున్న తలగుడ్డ చూసి, ఫ్రాన్సు విలువల గురించి ఆవిడ మాట్లాడటమేమిటని సభలో కొందరు ఎగతాళి చేశారు. ఆవిడ బడులకి వెళ్ళడం మానలేదు. ఆ రోజు సభలో కేకలు వేసినవాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలుంటారు గదా, ఆ రాత్రి అన్నం దగ్గర వాళ్ళకేం చెప్పి ఉంటారా అని నాకు అనిపిస్తుంటుంది.