హాజరు పిలుపు: కంప్యూటర్ ఆన్ కాగానే లోపల ఏం జరుగుతుంది?

ఈ శుక్రవారం ఎపిసోడ్ పూర్తి పాఠం ఇది. డ్యూటీ బస్సులో ఆడియో సరిగా వినపడదన్నవాళ్ల కోసం రాసి పెడుతున్నాం.

నేను దోహాలో సీసీటీవీ, యాక్సెస్ కంట్రోల్ పని చేసే టెక్నీషియన్‌ని. ఇవాళ చెప్పబోయేది కొంచెం టెక్నికల్ విషయమే, కానీ చివరికి మన జేబులో రియాళ్ల దగ్గరికే వస్తుంది. ఓపిగ్గా వినండి.

సెలవుకి ఊరెళ్లేటప్పుడు పిల్లల చదువుకని సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ పట్టుకెళ్లడం మనలో చాలామందికి ఉన్నదే. తిరిగి తిరిగి, బేరమాడి కొంటాం. రూముకొచ్చి చూస్తే వైఫై ఉండదు, లేకపోతే సౌండ్ రాదు. రిపేరుకి తీసుకెళ్తే "బోర్డు పోయింది భాయ్" అనే మాట వినపడుతుంది. నిజంగా ఆ భాగం పోయిందా, లేక భాగం బాగానే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ లేదా? ఈ రెండూ వేరువేరు జబ్బులు. ఒకదానికి డబ్బు కావాలి, రెండోదానికి నెట్ ఉంటే చాలు. ఏది ఏదో తెలియాలంటే, బటన్ నొక్కిన తర్వాత మొదటి కొన్ని సెకన్లలో కంప్యూటర్ ఏం చేస్తుందో తెలియాలి.

విండోస్ కానీ, లినక్స్ కానీ, మన ఫోన్లో ఆండ్రాయిడ్ కానీ, అన్నిటి నడుమ కెర్నల్ అని ఒక భాగం ఉంటుంది. మిషన్ మీద అసలు పెత్తనం దానిదే. క్యాంపుకి క్యాంపు బాస్ ఎట్లాగో అట్లా. కానీ ఆన్ చేసిన ప్రతిసారీ ఈ బాస్ కొత్తగా వచ్చినట్టే. నిన్న రాత్రి ఏ గదిలో ఎవరున్నారో అతనికి గుర్తుండదు, మళ్లీ మొదటినుంచీ హాజరు పిలవాల్సిందే. దానికి రెండు దారులు. ఒకటి, గేటు దగ్గర ఎవరైనా రాసిపెట్టిన జాబితా చదవడం. రెండోది, ప్రతి తలుపూ కొట్టి "లోపల ఎవరు?" అని అడగడం. కెర్నల్ రెండూ చేస్తుంది.

ముందు జాబితా సంగతి. కెర్నల్ కంటే ముందే బోర్డు మీదున్న చిన్న ప్రోగ్రాం లేస్తుంది. పాత మిషన్లలో దాన్ని బయోస్ అనేవాళ్లు, ఇప్పుడు యూఈఎఫ్ఐ అంటున్నారు. అది ర్యామ్‌ని సిద్ధం చేసి, కొన్ని పట్టికలు మెమరీలో పెట్టి, పెత్తనం కెర్నల్‌కి అప్పజెప్తుంది. ఆ పట్టికల పద్ధతి పేరు ఏసీపీఐ. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో తెచ్చాయి. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నాయి, పవర్ బటన్ ఎక్కడుంది, బ్యాటరీ ఎవరిని అడగాలి, తలుపులు కొట్టే వరండా ఎక్కడ మొదలవుతుంది, ఇదంతా అందులో ఉంటుంది.

ఇక తలుపులు కొట్టడం. ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు, సౌండ్, గ్రాఫిక్స్ లాంటి పెద్ద భాగాలు చాలావరకు పీసీఐ అనే దారి మీద ఉంటాయి. అది 1992లో వచ్చింది. ఈ లెక్కలో 256 బస్సుల దాకా ఉండొచ్చు. బస్సంటే మన డ్యూటీ బస్సు కాదు, డేటా నడిచే దారి. ఒక్కో బస్సు మీద 32 పరికరాలకి చోటు, ఒక్కో పరికరంలో 8 పనుల దాకా చోటు. కెర్నల్ వరసగా పోయి ఒక్కో చోట "నీ నంబరెంత?" అని అడుగుతుంది. లోపల ఎవరూ లేకపోతే అన్నీ ఒకట్లే తిరిగొస్తాయి. కంప్యూటర్ లెక్కలో అది నాలుగు ఎఫ్‌లు. అందుకే ఆ నాలుగు ఎఫ్‌ల నంబరు ఏ కంపెనీకీ ఇవ్వలేదు. అది వచ్చిందంటే గది ఖాళీ, పక్క తలుపుకి పోవడమే.

మనిషుంటే ఏం చెప్తాడు? మీ బతాకా ఒకసారి తీసి చూడండి. 11 అంకెలుంటాయి. మొదటి అంకె ఏ శతాబ్దంలో పుట్టారో చెప్తుంది, తర్వాతి రెండు పుట్టిన సంవత్సరం, ఆ తర్వాతి మూడు దేశం. మన ఇండియావాళ్లందరికీ అక్కడ 356 ఉంటుంది. పేరు చదవకుండానే నంబరు చూసి మనం ఎవరమో సగం చెప్పేయొచ్చు. పరికరాలకీ అట్లాంటి బతాకా ఉంది. అందులో రెండు ముక్కలు. ఒకటి తయారుచేసిన కంపెనీ నంబరు, ఇంకోటి మోడల్ నంబరు. ఇంటెల్ నంబరు 8086. 1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రాసెసర్ పేరే అది, గుర్తుగా తీసుకున్నారు. రియల్‌టెక్‌ది 10ఈసీ. ఎన్‌విడియాది 10డీఈ.

నంబరు దొరికాక కెర్నల్ డ్రైవర్‌ని వెతుకుతుంది. డ్రైవర్ అంటే ఆ పరికరంతో మాట్లాడటం వచ్చిన ప్రోగ్రాం, ఒకరకంగా దుబాసీ. ప్రతి డ్రైవర్ తన దగ్గర ఒక పట్టీ పెట్టుకుంటుంది, "ఈ ఈ నంబర్లవాళ్లతో నేను మాట్లాడగలను" అని. నంబరు కలిస్తే ఆ డ్రైవర్ ఎక్కి పరికరాన్ని పనిలో పెడుతుంది. కలవకపోతే పరికరం గదిలో మేలుకునే ఉంటుంది, పని మాత్రం దొరకదు. వీసా ఉండి, బతాకా ఉండి, డ్యూటీ పడక రూములో కూర్చున్న మనిషిలాగ.

ఇంకో మెట్టు కూడా ఉంది. వైఫై కార్డుల్లాంటి వాటిలో చాలావాటికి సొంతంగా ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దానికి కావలసిన ప్రోగ్రాంని డ్రైవరే ఒక ఫైలు నుంచి తీసి అందులో ఎక్కించాలి. దాన్ని ఫర్మ్‌వేర్ ఫైలు అంటారు. డ్రైవర్ ఉండి ఈ ఫైలు లేకపోయినా వైఫై రాదు.

యూఎస్‌బీ పద్ధతి కొంచెం వేరు. అది 1996లో వచ్చింది. అక్కడ కొత్తవాడే వచ్చి గంట కొడతాడు. పెన్‌డ్రైవ్ గుచ్చగానే ఒక తీగ మీద వోల్టేజ్ మారుతుంది, ఎవరో వచ్చారని పోర్టుకి తెలుస్తుంది. వచ్చినవాడి నంబరు మొదట సున్నా. ఎవరొచ్చినా సున్నానే, అందుకే ఒక్కొక్కరినే పలకరిస్తారు. వివరాలు అడిగి, 1 నుంచి 127 లోపు ఒక నంబరిస్తారు. ఎంట్రీ వీసా మీద దిగి, మెడికల్, వేలిముద్రలు అయ్యాక బతాకా చేతికి రావడం మనకు తెలిసిందే గదా, అదే వరస.

ఇది ఎప్పుడూ సాఫీగా సాగిందని కాదు. 1998 ఏప్రిల్‌లో చికాగోలో బిల్ గేట్స్ పక్కనుండగా విండోస్ 98ని జనానికి చూపిస్తూ యూఎస్‌బీ స్కానర్ గుచ్చారు. వెంటనే స్క్రీన్ మీద నీలం తెర పడింది, హాలంతా నవ్వులు. స్కానర్‌ని తగిలించిన సంగతి కంప్యూటర్‌కి తెలిసింది, ఆ తర్వాతి మెట్టు మీద పడిపోయింది.

ఫోన్లలో మాత్రం తలుపు కొడితే లాభం లేదు. టచ్, కెమెరా సెన్సర్, ఛార్జింగ్ చిప్ లాంటి చిన్న భాగాలకి "నేను ఫలానా" అని చెప్పుకునే నోరు లేదు. కాబట్టి ఏ తీగ మీద ఏముందో ముందే రాసివ్వాలి. ఒకప్పుడు ఒక్కో బోర్డు వివరాలు లినక్స్ కెర్నల్ కోడ్‌లోనే రాసేవాళ్లు. బోర్డులు పెరిగి గందరగోళమైంది. 2011లో లినస్ టోర్వాల్డ్స్ దీని మీద గట్టిగానే కోప్పడ్డాడు. ఆ తర్వాత ఆ వివరాలన్నీ డివైస్ ట్రీ అనే విడి ఫైలులోకి మార్చుకుంటూ వచ్చారు. అందుకే ఒకే పెన్‌డ్రైవ్‌లోని లినక్స్ చాలా కంప్యూటర్లలో లేస్తుంది కానీ, ఒక ఫోన్ సాఫ్ట్‌వేర్ ఇంకో మోడల్‌లో వేస్తే ఫోన్ పనికిరాకుండా పోవచ్చు. గది నంబర్లు వేరే క్యాంపువి అయితే హాజరు ఎట్లా సాగుతుంది? యూట్యూబ్‌లో చూసి ఎవరైనా "ఇది కూడా అలాంటిదే, వేసేద్దాం" అంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ల్యాప్‌టాప్‌లో వైఫై లేదు. అడగాల్సినవి మూడే ప్రశ్నలు. తలుపు కొడితే జవాబు వచ్చిందా? వస్తే డ్రైవర్ దొరికిందా? దొరికితే ఫర్మ్‌వేర్ ఎక్కిందా?

విండోస్‌లో అయితే డివైస్ మేనేజర్ తెరవండి. "నెట్‌వర్క్ కంట్రోలర్" అని పసుపు గుర్తుతో ఒకటి కనిపించి, దాని మీద రెండుసార్లు నొక్కితే కోడ్ 28 అని ఉంటే, డ్రైవర్ వేయలేదని అర్థం. అక్కడే డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూస్తే కంపెనీ నంబరు, మోడల్ నంబరు రెండూ ఉంటాయి. ఫొటో తీసుకోండి.

లినక్స్ పెన్‌డ్రైవ్ ఉంటే ఇంకా మంచిది. దేన్నీ ఇన్‌స్టాల్ చేయకుండా, డబ్బు ఇవ్వకముందే షాపులోనే ట్రై మోడ్‌లో ఆన్ చేసి చూడొచ్చు. టెర్మినల్ తెరిచి, చిన్న అక్షరాల్లో ఎల్, ఎస్, పీ, సీ, ఐ కలిపి కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, చిన్న గీత పెట్టి, ఎన్, ఎన్, కే కొట్టండి. పరికరాలన్నీ నంబర్లతో వస్తాయి. ఏ పరికరం డ్రైవర్ పనిచేస్తుంటే దాని కిందే ఆ పేరు కూడా ఉంటుంది. యూఎస్‌బీ వాటికి ఎల్, ఎస్, యూ, ఎస్, బీ. కెర్నల్ హాజరు పిలిచినప్పటి చిట్టా మొత్తం కావాలంటే ఎస్, యూ, డీ, ఓ, ఖాళీ, తర్వాత డీ, ఎం, ఈ, ఎస్, జీ. ఫర్మ్‌వేర్ ఫైలు దొరక్కపోతే ఆ మాట అందులో రాసి ఉంటుంది.

మా రూములో ఒక అన్న ఉన్నాడు, జగిత్యాల వైపు ఆయన. బిడ్డకి పాలిటెక్నిక్‌లో సీటొచ్చిందని ల్యాప్‌టాప్ కొన్నాడు. గురువారం రాత్రి ఫ్లైట్, మంగళవారం చూస్తే వైఫై లేదు. చూపించిన చోట బోర్డు మార్చాలి, 350 రియాళ్లు అన్నారు. ఆయన జీతానికి అది చిన్న మాట కాదు. డివైస్ మేనేజర్ తెరిచాం. పసుపు గుర్తు, కోడ్ 28, కంపెనీ నంబరు 8086. కార్డు జవాబు చెప్తోంది. అమ్మినవాళ్లు కొత్తగా విండోస్ వేసి డ్రైవర్ వదిలేశారు, అంతే. నెట్ లేకుండా డ్రైవర్ ఎట్లా దించాలి? ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఫోన్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేశాం. ఇందాక చెప్పిన గంట మోగింది, ఫోన్ ఒక నెట్‌వర్క్ పరికరంలాగ హాజరు వేయించుకుంది. ఆ నెట్‌తో విండోస్ అప్‌డేట్ నడిపితే డ్రైవర్ అదే వచ్చింది. ఖర్చు ఫోన్ డేటానే.

జవాబు అసలే రాకపోతే? అప్పుడూ వెంటనే బోర్డు అనుకోకండి. బయోస్ సెట్టింగుల్లో వైఫై ఆపేసి ఉండొచ్చు, కార్డు స్లాట్‌లో వదులైపోయి ఉండొచ్చు. ఆ రెండూ చూశాక కూడా లేకపోతే అప్పుడు కార్డు మీదో, బోర్డు మీదో అనుమానం పెట్టుకోవాలి. ఇంకోటి, జవాబు వచ్చినంత మాత్రాన భాగం పూర్తి ఆరోగ్యంగా ఉందని కాదు. నంబరు చెప్పగలిగిన కార్డుకి యాంటెన్నా తీగ ఊడి ఉండొచ్చు. అందుకే డ్రైవర్ ఎక్కాక ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేసి, కాస్త దూరం నడిచి కూడా చూడండి.

కొనేటప్పుడు ఈ పరీక్షకి పది నిమిషాలు పడుతుంది. షాపువాళ్లు చూడనివ్వకపోతే పక్క షాపుకి పోండి. రిపేరుకి ఇచ్చేటప్పుడు ఆ నంబర్ల ఫొటో చూపించి, "ఇది జవాబు చెప్తోంది గదా భాయ్, డ్రైవర్ వేసి చూశారా?" అని అడగండి. మీ మిషన్లో వచ్చిన నంబరు అర్థం కాకపోతే ఫొటో పంపించండి, వీలు చూసుకుని జవాబిస్తాను. ఎండలు జాగ్రత్త, నీళ్లు తాగుతూ ఉండండి. ఉంటాను.