ఇంటావిడకీ ఒక కుర్చీ

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



"ఈ ఆదివారం వంట పెట్టుకోకు, అందరం బయట తిందాం" అనే మాట వినగానే సంతోషించని గృహిణి వుంటుందా? నాకు తెలిసి లేదు. కాని ఆ మాట వెనకాలే "ఎక్కడికి వెళదాం?" అనే ప్రశ్న వస్తుంది. చిక్కంతా అక్కడే. పిల్లలు ఒక పేరు చెబుతారు, మా వారు ఇంకొక పేరు చెబుతారు, మా అత్తగారు "నాదేముందర్రా, మీ ఇష్టం" అంటారు. ఆఖరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాట నెగ్గుతుంది. ఇద్దరు ముగ్గురు వెళ్ళేటప్పుడు ఎక్కడికి వెళ్ళినా ఫరవాలేదు. పుట్టినరోజనీ, పెళ్ళిరోజనీ పదిహేనుమంది బయల్దేరేటప్పుడు మాత్రం ముందుగా కాస్త ఆలోచించుకోవాలి. ఆలోచించకపోతే ఏమవుతుందో మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను.

మూడేళ్ళ క్రితం మా పెళ్ళయి పాతికేళ్ళు నిండాయి. దగ్గరి వాళ్ళందరం కలిసి పద్నాలుగు మందిమి తేలాం. మా అబ్బాయి ఫోనులో నక్షత్రాలు లెక్కపెట్టి ఒక హోటలు ఎంచాడు. "నాలుగున్నర నక్షత్రాలున్నాయమ్మా, ఇంకేం ఆలోచించకు" అన్నాడు. సరేనన్నాను. రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్ళాం. హోటలు రెండో అంతస్తులో వుంది. ఆ రోజు లిఫ్టు పనిచెయ్యడం లేదు. మోకాళ్ళ నొప్పులతో మా అత్తగారు మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కారు. తీరా లోపలికి వెళితే కాళ్ళు నేలకానని ఎత్తు కుర్చీలు, ఎదుటి మనిషి మొహం కనపడనంత చీకటి, పక్కవాళ్ళ మాట వినపడనంత సంగీతం! ఒక పక్కన బారు.

మా అత్తగారు శాకాహారి. ఆ సంగతి అందరికీ తెలుసు, కాని ముందుగా అక్కడ కనుక్కున్నవాళ్ళం ఒక్కరం లేము. "బాబూ, చేపలు వేయించిన నూనెలోనే ఈ బజ్జీలూ వేయిస్తారా?" అని ఆవిడ అడిగారు. ఆ కుర్రాడు పాపం అబద్ధం ఆడలేదు, "అవునమ్మా" అన్నాడు. ఆవిడ ఒక గ్లాసు నిమ్మకాయ నీళ్ళు తాగి, "నాకు ఆకలి లేదర్రా, మీరు తినండి" అని కూర్చున్నారు.

రాత్రి పదకొండున్నరకి ఇల్లు చేరాం. పట్టుచీరైనా మార్చుకోకుండా కుక్కరు పెట్టాను. ఇంత అన్నం, ఆవకాయ, మజ్జిగ. ఆవిడ రెండు ముద్దలు తిని, "పెళ్ళిరోజు నాడు కూడా నీకు పొయ్యి తప్పలేదమ్మాయ్, నా మూలాన" అన్నారు. ఆ "నా మూలాన" అన్న మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది. తప్పు ఆవిడది కాదు. మా అబ్బాయిదీ కాదు, వాడు వాడి ఈడు వాళ్ళకి నచ్చేది చూశాడు. ఆవిడ పేరు ముందు తలుచుకోవలసినదాన్ని నేను, తలుచుకోలేదు.

అప్పుడు నేర్చుకున్నదే ఈనాడు మీతో చెప్పదలచుకున్నది. పదిమంది కలిసి వెళ్ళేటప్పుడు ఎవరికి ఎక్కువ సరదాగా వుంటుందని చూడకూడదు. ఎవరికి ఎక్కువ ఇబ్బంది కలగవచ్చునో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. మెట్లెక్కలేని పెద్దవాళ్ళు, కారం తినలేని పసివాళ్ళు, షుగరున్న మరిది, మాంసం ముట్టని వదిన – ముందుగా వీళ్ళకి కుదిరే చోటు దొరికితే, మిగిలినవాళ్ళు ఎక్కడైనా సర్దుకుంటారు.

మా హైదరాబాదు సంగతే తీసుకోండి. ఇక్కడ లేని తిండి లేదు. కాని ఏ చోటు దేనికి పనికొస్తుందో తెలుసుకోవాలి. ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబాలు పెట్టిన పాత చాయ్ హోటళ్ళున్నాయి. ఒకప్పుడు అక్కడ ఆడవాళ్ళు కూర్చోవాలంటే పరదా కట్టిన "ఫ్యామిలీ రూము" ఒకటే దిక్కు. ఇప్పుడు హాయిగా హాల్లోనే కూర్చుని ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కట్లు ముంచుకుని తింటున్నాం. లాడ్ బజారులో గాజులు కొనుక్కుని, చార్మినారు పక్కనే వున్న నిమ్రాలో చాయ్ తాగి రావడానికి నలుగురు స్నేహితురాళ్ళు చాలు. అంతేకాని, అక్కడ కూర్చుని పుట్టినరోజు చేసుకుంటామంటే కుదరదు. వెనకవాళ్ళు బల్ల కోసం నిలబడే వుంటారు. రంజాన్ నెలలో హలీము కోసం వెళ్ళడమూ అంతే. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన వంటకం అది, తప్పక రుచి చూడవలసిందే. కాని ఆ సాయంకాలపు రద్దీలోకి పెద్దవాళ్ళనీ, చంటిపిల్లలనీ తీసుకువెళ్ళవద్దు.

బిర్యానీ హోటళ్ళు పెద్ద గుంపులకి బాగానే వుంటాయి. సికిందరాబాదులోని ప్యారడైజ్ 1953లో సినిమా హాలు పక్కన చిన్న కెఫేగా మొదలైంది. ఇవాళ ఆ పేరుతో మెట్రో స్టేషనే వుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరా అంతే, బిర్యానీ హోటళ్ళూ వున్నాయి, మెట్రో స్టేషనూ వుంది. 2017లో మెట్రో వచ్చాక ఆడవాళ్ళకి కార్లు నిలపడం, ఆటోవాళ్ళతో బేరాలు సగం తప్పాయి. బిర్యానీ మనిషికో ప్లేటు చెప్పకండి. మా లెక్కలో ముగ్గురికి రెండు ప్లేట్లు సరిపోతాయి, చాలకపోతే మళ్ళీ చెప్పుకోవచ్చు.

శాకాహారులు ఎక్కువమంది వుంటే ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ వంటి పాత శాకాహార హోటళ్ళు మేలు. అక్కడ నూనె గురించి, మూకుడు గురించి అడిగే పని లేదు. ఇక ఊరంతటా కనిపించే ఆంధ్రా భోజన హోటళ్ళలో ఇంత అని ఒకటే ధర, ఎంత తిన్నా అంతే. బఫే భోజనం పిల్లలకి సరదాగానీ, పెద్దవాళ్ళు ప్లేటు పట్టుకుని వరసలో నిలబడలేరు. వాళ్ళ తరఫున తెచ్చి పెట్టే పని మళ్ళీ ఎవరిది? మనదే! పైగా కొద్దిగా తినేవాళ్ళకి బఫే ధర దండగ.

చోటు ఎంచుకున్నాక ఒక్కసారి స్వయంగా వెళ్ళి చూసి రండి. మధ్యాహ్నం మూడున్నరకి హోటళ్ళలో పని తక్కువగా వుంటుంది, మేనేజరు ఓపిగ్గా మాట్లాడతాడు. మెట్లెన్ని, వెలుతురు ఎంత, మరుగుదొడ్డి శుభ్రంగా వుందా, బండి గుమ్మం దాకా వస్తుందా చూడండి. గోడమీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన లైసెన్సు వుండాలి, దాని మీద 14 అంకెల నంబరు వుంటుంది. శాకాహారానికి వేరే మూకుడు వుందా, అందరికీ కలిపి బల్ల వేస్తారా, కేకు మనం తెచ్చుకోవచ్చా, ఎన్నింటికి లేవాలి, అడ్వాన్సు ఎంత, మానుకుంటే తిరిగి ఇస్తారా – ఇవన్నీ అడగండి. మొహమాటపడకండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా!

బిల్లు సంగతీ తెలిసి వుండాలి. మామూలు హోటళ్ళలో భోజనం మీద జీఎస్టీ 5 శాతం. రోజుకి 7,500 రూపాయలు దాటిన అద్దె గదులున్న పెద్ద హోటళ్ళలో 18 శాతం. "సర్వీస్ చార్జి" అనేది మాత్రం పన్ను కాదు. దాన్ని బిల్లులో తమంత తాము వేసెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో నిబంధనలు పెట్టింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. వేశారనుకోండి, నెమ్మదిగా తీసెయ్యమని చెప్పండి. వినకపోతే 1915 నంబరుకి ఫోను చేసి ఫిర్యాదు చెయ్యవచ్చు. వడ్డించిన కుర్రాడికి సంతోషంగా మనం చేతిలో పెట్టేది వేరే సంగతి.

ఇక బారు మాట. బారున్న చోటికి అసలు వెళ్ళకూడదని నేననను. ఆ మాట అంటే మా ఇంట్లోనే నామాట వినేవారుండరు! కుటుంబాలకి వేరే హాలు వున్న చోటు చూసుకోండి. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మద్యం ఇవ్వకూడదు. కాలేజీ పిల్లలు వెంట వుంటే ఈ సంగతి ముందే చెప్పి వుంచండి. అన్నిటికన్నా ముఖ్యం, తిరిగి వచ్చేటప్పుడు బండి నడిపేదెవరు? వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చట్టరీత్యా నేరం. 2019లో సవరించిన చట్టం ప్రకారం మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. జరిమానా మాట అటుంచి, వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే కదా. మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. గ్లాసు పట్టుకునేవారు ముందు తాళంచెవి నా చేతికిచ్చి పట్టుకోవాలి. మొదట్లో నవ్వారు. ఇప్పుడు అడక్కుండానే ఇస్తున్నారు.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. ఇది ఆడవాళ్ళం మాత్రమే వెళ్ళే సరదాల గురించి. మా అపార్టుమెంటులో పదకొండుమందిమి ఏడాదికి మూడు నాలుగుసార్లు కలిసి వెళుతుంటాం. ఒకసారి ఎవరికి కావలసింది వాళ్ళు తెప్పించుకుని, బిల్లు మాత్రం సమానంగా పంచుకున్నాం. మనిషికి తొమ్మిది వందలు పడింది. మాలో ఒకావిడ ఆ రోజు కడుపు బాగాలేదని ఒక సూపు తాగి వూరుకుంది. ఆవిడా తొమ్మిది వందలూ ఇచ్చింది, నవ్వుతూనే ఇచ్చింది. ఆ తరువాత రెండుసార్లు పిలిచినా ఏదో పని చెప్పి రాలేదు. ఆవిడ కడుపు బాగానే వుందనీ, చీటీలో ధరలు చూసి సూపు చెప్పిందనీ తట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది. సిగ్గుపడవలసింది ఆవిడా, మేమా?

ఇప్పుడు పద్ధతి మార్చాం. నెలకి తలా రెండు వందలు ఒక డబ్బాలో వేస్తాం. ఆ డబ్బులోనే సరిపోయేలా, ఒకటే ధర భోజనం దొరికే చోటికి వెళతాం. బల్ల దగ్గర పర్సు తీసే పని ఎవరికీ లేదు. ఆవిడ మళ్ళీ వస్తున్నది. అంతేకాదు, ఈసారి ఎక్కడికి వెళ్ళాలో ఎంచినది ఆవిడే.

మా అత్తగారి సంగతి ఏమైందని మీరడుగుతారు. కిందటి శ్రావణ మాసంలో ఆవిడకి డెబ్బయి అయిదేళ్ళు నిండాయి. ఈమారు చోటు నేను చూశాను. నేలమీదే వున్న ఒక చిన్న శాకాహార హోటలు, మధ్యాహ్నం భోజనం, అరిటాకుల వడ్డన. ఫోనులో ఆ హోటలుకి మూడు నక్షత్రాలే! మావాళ్ళు మొదట మూతులు ముడిచారు, ముద్దపప్పూ నెయ్యీ వచ్చేసరికి మాటలు మానేశారు.

పప్పులోకి నెయ్యి సరిగ్గా పడలేదని, అలవాటు చొప్పున నేను లేచి గిన్నె అందుకోబోయాను. మా అత్తగారు నా కొంగు పట్టి లాగారు. "కూర్చోవమ్మాయ్! వడ్డించడానికి వాళ్ళున్నారుగా. నువ్వు చల్లారకుండా తిను" అన్నారు.

కూర్చున్నాను. అన్నం పొగలు కక్కుతూ వుంది. పండగ పూట నలుగురితో పాటు పంక్తిలో కూర్చుని వేడన్నం తినడం నాకు పెళ్ళయ్యాక అదే మొదటిసారేమో అనిపించింది. మీరూ ఈసారి హోటలు ఎంచేటప్పుడు మీకూ ఒక కుర్చీ వుందో లేదో చూసుకోండి.