పనిచేయు చేయి - పునర్నిర్మాణ శస్త్రవైద్యము
(సూరతులోని కేంద్రప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను ఆహ్వానించుచు, "అందచందముల వైద్యమును గురించి నాలుగు మాటలు చెప్పవలెను" అని వ్రాసిరి. వారిని తప్పు పట్టను. ప్లాస్టిక్ సర్జరీ అనగానే ముక్కు తీర్చుటయు, ముడుతలు తీయుటయు అందరకు తలపునకు వచ్చును. శరీరములో ప్లాస్టిక్ ముక్కను అమర్చుదురా అని అడిగిన పెద్దలును కలరు. ఆ పేరు, మలచుట అను అర్థముగల గ్రీకు మాటనుండి వచ్చినది. జర్మను వైద్యుడు ఎడ్వర్డ్ సైస్ ఈ శాస్త్రముపై గ్రంథము వెలువరించినది 1838లో. మన ఇండ్లలోని బక్కెట్లకు, డబ్బాలకు వాడు పదార్థము అప్పటికింకను పుట్టలేదు.

కోసిన ముక్కును చెక్కిలి చర్మముతో తిరిగి కట్టు విధమును సుశ్రుతుడు వర్ణించెనని మీరెరుగుదురు. అంతకంటె నాకు ప్రియమైనది పూనా ప్రాంతపు వృత్తాంతము. ఆంగ్లసైన్యమునకు ఎడ్లబండి తోలిన కావస్జీ అనువాని ముక్కును టిప్పు సుల్తాను మనుషులు కోసివైచిరి. నుదుటి చర్మమును మడచి అతనికి క్రొత్త ముక్కును అమర్చినవాడు ఇటుకలు చేయు కులమువాడట. ఈ వార్త 1794లో లండనులోని జెంటిల్మన్స్ మాగజీనులో అచ్చుపడెను. దానిని చదివి కార్‌ప్యూ అను వైద్యుడు 1814లో అక్కడ ఆ శస్త్రమును చేసెను. ఒక చేతిపనివాని నేర్పు సముద్రము దాటి విద్యయైనది.

నేను నేడు ముఖ్యముగ చెప్పదలచినది ముక్కును గురించి కాదు, చేతిని గురించి. ఈ సూరతు చేతుల మీద బ్రతుకు నగరము. ఇచటి వజ్రములకు సానపట్టువాడు వ్రేలికొనల స్పర్శతో బ్రతుకును. జరీ పనివాడును అంతే. లింబాయత్ ప్రాంతమున నల్లగొండ, వరంగల్లు, కరీంనగరము జిల్లాలనుండి వచ్చిన మన పద్మశాలి కుటుంబములు తరతరములుగ స్థిరపడియున్నవి. వారి పిల్లలకై నగరపాలక సంస్థ తెలుగు పాఠశాలలు నడపుచున్నది. తాతలు చేతిమగ్గముపై నాడెను విసరిరి. మనుమలు మరమగ్గముల నడుమ నిలుచున్నారు. చేతిమగ్గము నేతగాని చేయిని కొరుకదు. మరమగ్గపు పండ్లచక్రమునకును, పట్టాకును ఆ దయ లేదు.

చేతియందు ఇరువదియేడు ఎముకలు కలవు. వ్రేళ్లలో కండరములు లేవు. ముంజేతి కండరములు త్రాళ్లవంటి స్నాయువులతో వ్రేళ్లను లాగును. కావుననే సంక్రాంతినాడు గాలిపటపు మాంజా దారము చేసిన చిన్న గాయము కూడ ఒకప్పుడు వ్రేలిని శాశ్వతముగ మడవరానిదిగ చేయును. పైన రెండు కుట్లు వేసి పంపినచో చర్మము మానును. లోపల తెగిన త్రాడు తెగియే యుండును. కట్టు కట్టకముందే వ్రేలిని మడచి చూపుమని అడుగుట అందరు నేర్వదగిన పరీక్ష.

ఇక బొటనవ్రేలు. ద్రోణుడు ఏకలవ్యుని అడుగవలసివచ్చినప్పుడు చిటికెనవ్రేలిని అడుగలేదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టపు పట్టికలో బొటనవ్రేలు పోయినచో సంపాదనాశక్తిలో నూటికి 30 వంతులు, చిటికెనవ్రేలు పోయినచో 7 వంతులు నష్టమని లెక్క కట్టిరి. తెగిన పోగును పట్టి ముడివేయవలసిన నేతకానికి ఆ 30 చాలునా యని నా సందేహము.

తెగిన అవయవమును తిరిగి అతుకుట ఇటీవలి విద్య. 1962లో బోస్టనులో రోనాల్డ్ మాల్ట్ బృందము ఒక బాలుని భుజమును, 1963లో షాంఘైలో చెన్ జోంగ్‌వీ బృందము ఒక కార్మికుని చేతిని, 1965లో జపానులో కొమాత్సు, తమాయి అను వైద్యులు బొటనవ్రేలిని అతికిరి. వ్రేలిలోని రక్తనాళము ఇంచుమించు ఒక మిల్లీమీటరు వెడల్పుండును. సూక్ష్మదర్శిని క్రింద, వెండ్రుకకంటె సన్నని దారముతో దానిని కుట్టవలెను. ఒక నల్లగొండ యువకుడు బల్లపై పండుకొని, "సారూ, అతుకు పడ్తదా?" అని నన్నడిగెను. మగ్గముపై తెగిన పోగునకు వాడు మాటయే అది. అంతకంటె సరియైన పేరు మా గ్రంథములలో లేదు.

కాని ఆ యువకుని వ్రేలికి అతుకు పడలేదు. తోడివారు మిక్కిలి శ్రద్ధతో దానిని తిన్నగ మంచుగడ్డలలో పాతిపెట్టి తెచ్చిరి. గడ్డకట్టిన కణజాలము తిరిగి బ్రతుకదు. మంచి మనస్సుతో చేసిన పనియే వ్రేలిని పోగొట్టినది.

దయచేసి ఇది వినుడు, విని మీ వీధిలో చెప్పుడు. తెగిన భాగమును శుభ్రమైన నీటితో మెల్లగ కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టవలెను. దానిని నీరు చొరని సంచిలో మూతి బిగించి, ఆ సంచిని మంచుముక్కలు వేసిన నీటిలో ఉంచవలెను. మంచు వ్రేలిని తాకరాదు. గాయముపై శుభ్రమైన గుడ్డతో గట్టిగ అదిమి చేయిని పైకెత్తి పట్టవలెను. కాఫీపొడి, పసుపు అద్దరాదు. రోగికి టీ కూడ ఇయ్యరాదు, మత్తుమందు ఇయ్యవలసియుండును గనుక. కండరమున్న భాగము, అనగా ముంజేయి వంటిది, చల్లదనము లేక ఆరుగంటలకు మించి నిలువదు. వ్రేలికి అంతకంటె కొంత వ్యవధి కలదు; చల్లగ నుంచిన మరికొంత. మొదట కనబడిన చిన్న వైద్యశాలలన్నిటిని తిరుగుటలోనే ఆ వ్యవధి కరగిపోవును.

తెగిన ప్రతి వ్రేలిని అతుకుటయు ధర్మము కాదు. బొటనవ్రేలైనను, పలు వ్రేళ్లైనను, పసిబిడ్డ వ్రేలైనను తప్పక ప్రయత్నింతుము. నుగ్గునుగ్గైన ఒక్క వ్రేలికై నెలలకొలది పని మానిపించి, తుదకు బిర్రబిగిసిన వ్రేలిని చేతికిచ్చుట ఉపకారమని నేననుకొనను. బొటనవ్రేలు నశించినచో కాలివ్రేలిని తెచ్చి నిలుపవచ్చును. 1968లో ఇంగ్లండులో జాన్ కాబెట్ అట్లు చేసెను. మన దేశమున ఈ విద్యకు బీజములు దక్షిణమున పడినవి. వెల్లూరులో పాల్ బ్రాండ్ 1940ల చివర కుష్ఠరోగుల చచ్చుబడిన చేతులలో స్నాయువులను మార్చి కదలిక తెచ్చెను. చెన్నై స్టాన్లీ వైద్యకళాశాలలో ఆచార్య ఆర్. వెంకటస్వామిగారు చేతికే ఒక విభాగమును నెలకొల్పిరి.

ఇచట సోదరీమణులున్నారు గనుక మరియొక మాట. రొమ్ము కాన్సరుకై రొమ్మును తీసిన పిదప వీపు కండరముతోనో, పొట్ట చర్మము, క్రొవ్వులతోనో దానిని తిరిగి రూపొందింపవచ్చును. ఇటలీలో తాన్సినీ వీపు కండరమును 1906లోనే ఇందుకు వినియోగించెను. "ఈ వయస్సులో అది యెందుకు?" అని భర్తయో, కుమారుడో రోగికి బదులు ఉత్తరమిచ్చుట నేను తరచు విందును. దీనివలన కాన్సరు తిరిగి వచ్చునను భయము నిరాధారము. కావలెనో వద్దో నిర్ణయింపవలసినది ఆమె. వద్దన్నను అది పూర్ణముగ గౌరవింపదగిన ఉత్తరమే. కాని శస్త్రమునకు ముందే ఆమెతో ఆ మాట ఎత్తవలెను.

మరల చేతికి వత్తును. స్నాయువును కుట్టుట ఒక దినపు పని. అటుపై పలు వారములపాటు, శిక్షకుడు చూపిన మేరకు, తక్కువగాను కాక, ఎక్కువగాను కాక వ్రేలిని కదల్చుట రోగి పని. కదల్పనిచో అతుకు చుట్టుప్రక్కల దేహమునకు అంటుకొనిపోవును. తొందరపడి బరువెత్తిన తెగును. దినకూలిపై బ్రతుకువాడు మూడవ వారముననే మగ్గము కడకు పోవును. వానికి ఓపిక లేకపోవుట కాదు, ఇంట బియ్యము లేకపోవుట. ఉద్యోగుల రాజ్యబీమా క్రింద పేరు నమోదైనవానికి పని మానిన దినములకు ధనసహాయము లభించును. కాగితములు చదువ నేర్చిన మీరు, లింబాయత్‌లో మీకు తెలిసిన నేతకానిని పేరు నమోదైనదా యని అడుగుడు. ప్రమాదము జరిగిన పిదప కాదు, ఈ ఆదివారమే.