పెరుగుచున్న బాట, పెరుగవలసిన జాగ్రత్త

(కెలవరపల్లి పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు పరీక్షా ఫలితములను గూర్చి మాటాడుట వాడుక. ఆ వివరములు నివేదికలో అచ్చుపడినవి. నేడు మన పిల్లలును, మీరును దినదినము పోవుచు వచ్చుచున్న బాటను గూర్చి నాలుగు మాటలు మనవి చేసికొందును.

మన హోసూరు మీదుగా పోవు జాతీయ రహదారికి పూర్వము 7వ సంఖ్య యుండెడిది; ఇప్పుడది 44వ సంఖ్య గలది. శ్రీనగరము మొదలు కన్యాకుమారి వరకు పోవు ఈ బాటయే హైదరాబాదు, కర్నూలు, అనంతపురములను మనతో కలుపుచున్నది. 1999లో ఆరంభమైన స్వర్ణ చతుర్భుజి పథకమున హోసూరు, కృష్ణగిరి మీదుగా పోవు బెంగుళూరు - చెన్నై మార్గము చేరినది. ఇపుడు బెంగుళూరు చుట్టును సుమారు 280 కిలోమీటర్ల వలయ రహదారి తలపెట్టబడినది. దానికి 2022 జూన్‌లో శంకుస్థాపన జరిగినది. దొడ్డబళ్ళాపురము, హోస్కోటల నడుమ భాగము 2024లో ప్రారంభింపబడినది. ఆ వలయమున కొంత భాగము మన హోసూరు ప్రాంతములోనిదే.

ఇది అభివృద్ధియే, సందేహము లేదు. మన తోటల గులాబీలు, కూరగాయలు వాడక మునుపే సంతకు చేరవలెనన్నను, కర్మాగారములలో షిఫ్టు పనికి పోవువారు వేళకు ఇల్లు చేరవలెనన్నను మంచి బాట కావలెను. కాని పని ముగిసిన బాట వేరు, పని జరుగుచున్న బాట వేరు. నిన్న తిన్నగా నున్న దారి నేడు ప్రక్కకు మళ్ళును. ఒకే వైపున రెండు దిక్కుల బండ్లును పోవలసి వచ్చును. కంకర జారును, దుమ్ము కన్ను గప్పును. అట్టిచోట “నాకు తెలిసిన దారియే గదా” యను ధీమాకు మించిన శత్రువు లేదు.

ఈ మాట ఇతరుల తప్పు జూచి చెప్పుట లేదు. కొన్ని మాసముల క్రిందట ఒక సాయంకాలము నేను మోటారు సైకిలుపై హోసూరు నుండి వచ్చుచుంటిని. దారి మళ్ళించిన చోట రెండు కిలోమీటర్లు చుట్టి రావలసియుండగా, బద్ధకించి ఎదురు దిక్కున పోయితిని. దుమ్ములోనుండి కంకర టిప్పరు ఒక్కసారిగా ఎదురయ్యెను. దాని డ్రైవరు మెలకువతో బ్రేకు వేయుటచే బ్రతికితిని. అతడు కిటికీలోనుండి తొంగిచూచి, “అయివారూ, మీరు గూడానా!” అనెను. అతడు ఒకప్పుడు నా తరగతిలో కూర్చున్న పిల్లవాడే. అతడు తిట్టియున్నచో నాకంత సిగ్గు కలిగియుండదు.

2022లో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. ఆ మృతులలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోయినవారు. మన యీ 44వ సంఖ్య బాటపైననే 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగరు జిల్లా పాలెము వద్ద, బెంగుళూరు నుండి హైదరాబాదు పోవుచున్న బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోగా 45 మంది ఆహుతియైరి. ఒక్క క్షణము అదుపు తప్పుట యెట్టిదో ఇంతకన్న చెప్పనక్కరలేదు.

ఇక మనకు ప్రత్యేకమైన సంగతి యొకటి కలదు. పని జరుగు చోట్ల బోర్డులు తమిళమునను, ఇంగ్లీషునను ఉండును. మనలో పెద్దవారు పలువురు తెలుగు మాత్రమే చదివినవారు. పిల్లలు తమిళమును నేర్చుచున్నారు. “మాట్రుప్పాదై” అనగా దారి మళ్ళింపు అని వారికి తెలియును, తాతగారికి తెలియదు. కావున ప్రతి బిడ్డయు తాను చూచిన బోర్డుల మాటలను ఇంట తెలుగున చెప్పవలెను. మాతృభాషను కాపాడుకొనుట మన ధర్మము. ఊరి బోర్డును చదువ నేర్చుట మన ప్రాణములకు రక్ష.

తల్లిదండ్రులకు మరి మూడు విన్నపములు. పదునెనిమిదేండ్లు నిండని వానికి బండి తాళము ఈయవద్దు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, బాలుడు బండి నడిపి నేరము చేసినచో తండ్రికి మూడేండ్ల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానాయు కలుగవచ్చును. వెనుక కూర్చున్నవారికిని హెల్మెట్టు పెట్టుడు. ప్రమాదము కంటబడినచో భయపడి తొలగిపోక 108కి ఫోను చేయుడు. రహదారిపై 1033 సంఖ్యయు పనిచేయును. సహాయము చేసినవారికి ఆ చట్టమే రక్షణ కల్పించినది.

మరునాటి ఉదయము ప్రార్థనా సమయమున నా తప్పును పిల్లల యెదుట ఒప్పుకొంటిని. ఇకమీదట నేను ఎదురు దిక్కున వచ్చుట కనబడినచో, ఏ తరగతి బిడ్డయైనను “అయివారూ, తప్పు” అని నన్ను ఆపవచ్చునని చెప్పితిని. ఆ అధికారమునే మీ యిండ్లలో మీ బిడ్డలకు ఈయవలెనని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.

జై హింద్.