పంటచేలపై దుప్పుల దాడి: కంచె ఒక్కరిది కారాదు

(సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



అత్తిబెలెలో కూర్చుండి అడవి మృగములను గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. హోసూరు బాటపై రాత్రింబవళ్లు లారీల రొద. ఒకనాడు రాగిచేలు తలలూపిన చోట నేడు కార్ఖానాలును లేఅవుట్లును వెలసియున్నవి. అయినను మనలో పలువురకు ఆనేకల్లు పడమటి పల్లెలయందును, సరిహద్దుకు ఆవల తళి, జవళగిరి, డెంకణికోట ప్రాంతములయందును తాతలనాటి పొలములు ఇంకను కలవు. కొన్ని ఇండ్లలో ముసలివారే ఆ సేద్యమును నిలుపుకొని వచ్చుచున్నారు. నేటి మాట వారి కొరకు.

బన్నేరుఘట్ట అడవి 1974లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. అది దక్షిణమున తళి అడవులతోను, వాని మీదుగా కావేరి లోయలోని అడవులతోను కలిసియున్నది. రాగి కంకి పాలుపోసుకొను కాలమున ఏనుగులు ఈ దారినే వచ్చును. ఏనుగు వచ్చిన రాత్రి ఊరంతయు మేలుకొనును. మరునాడు పత్రికలలో పడును. దుప్పి వచ్చిపోయిన సంగతి మాత్రము తెల్లవారి పొలమునకు పోయినవానికి తప్ప ఎవరికిని తెలియదు. ఏనుగువలె ఒక్క రాత్రిలో చేనంతయు తొక్కివేయదు. రోజునకు రెండు సాళ్లు, మూడు సాళ్లు మేసి పోవుచుండును. నెల తిరుగునప్పటికి లెక్క వేసికొన్నచో గుండె ఝల్లుమనును.

ఇచ్చట పేర్ల విషయము ఒకటి చెప్పవలసియున్నది. మన ఇండ్లలో కన్నడపు అలవాటున చుక్కల దుప్పిని సైతము ‘జింక’ యనియే అనుచున్నాము. ఆంధ్రదేశమున జింక యన్నచో సాధారణముగా మెలిపడిన కొమ్ముల కృష్ణజింకయే స్ఫురించును. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మృగము అదియే. తెలంగాణమువారో జింక యను పేరనే చుక్కల దుప్పిని తమ రాష్ట్ర మృగముగా ఎంచుకొన్నారు! కన్నడమువారి ‘కడవె’ మన కణితి. మాటల పంతము కొరకు ఇది చెప్పుటలేదు. నష్టపరిహారపు అర్జీలో ఏ మృగము మేసెనో వ్రాయవలసి వచ్చినప్పుడు ఒక పేరునకు మారు వేరొక పేరు వ్రాసినచో కాగితము వెనుకకు వచ్చును.

ఏ మృగము మేసినదో చేనే చెప్పును. దుప్పికి పైదవడ ముందుపండ్లు లేవు. కావున అది కాడను కొరుకక పట్టి లాగును. తెగిన కొన చీలికలై నారలు నారలుగా ఉండును. కుందేలు కొరికిన కాడ కత్తితో ఏటవాలుగా కోసినట్లుండును. అడవిపంది నేలను పెల్లగించిపోవును. ఈ గుర్తులెరుగక పంది కొరకు పన్నిన ఉపాయము దుప్పికి పన్నినచో శ్రమయంతయు వ్యర్థము.

ఇక మా సొంత కథ. తళి వైపున మాకు కొద్దిపాటి పొలము కలదు. కొన్నేండ్ల క్రిందట దుప్పులు అనపచేనిని ఆకు మిగులనీయక మేసినవి. మేము అప్పుచేసి చుట్టును ఎత్తైన వలకంచె వేయించితిమి. ఆ యేడు మా పంట ఇల్లు చేరినది. మాకు ఎంతో గర్వముగా నుండెను. మా గట్టున చేను గల పెద్దమ్మ ఒకతె, భర్త పోయినది, ఒంటరిగా రాగి పండించుకొనుచుండెను. దుప్పులు అడవికి మరలిపోలేదు. మా కంచె వెంబడి నడచి ఆమె చేనిలో దిగినవి. కోతలనాడు ఆమె మా వాకిట నిలిచి, “నాయనా, నీ కంచె వాటిని ఆపలేదురా, నా చేలోకి తోలింది” అనినది. మేము బదులు పలుకలేకపోతిమి. ఏడాదిపాటు ఆమె మాతో మాటలాడలేదు. ఆమె తప్పు ఇసుమంతయు లేదు.

ఆ మాట మమ్ము నిదురపోనీయలేదు. మరుసటి ఏట అడవి వైపు గల తొమ్మిది కుటుంబములవారము కూడి, విడివిడి కంచెలకు మారుగా అన్ని చేలను కలిపి ఒకే కంచె వేసికొంటిమి. లెక్క చూడుడు: నలుచదరమైన నాలుగు చేలకు వేరువేరుగా కంచె వేసినచో పదునారు భుజములు, కలిపి వేసినచో ఎనిమిది భుజములే. ఖర్చు సగమునకు దిగును. పెద్దమ్మ చేను కంచె లోపల పడినది. ఆమె డబ్బు ఇయ్యలేకపోయెను. దానికి బదులు తీగె క్రింది గడ్డి కోయు పని తానే పైన వేసికొన్నది.

ఆ పని చిన్నది కాదు. సౌరశక్తి కంచెలో విద్యుత్తు సెకనుకు ఒకసారి లిప్తపాటు మాత్రమే తగిలి పోవును. ప్రాణము తీయదు, బెదరించును. కాని తడిగడ్డి తీగెను తాకినచో శక్తియంతయు నేలలోనికి జారిపోవును. దుప్పి వెంట్రుకలు లోపల గుల్ల. ఒంటికి తీగె తగిలినను దానికి అంతగా తెలియదు, ముట్టెకు తగిలిననే బెదరును. కావున కంచెలో క్రింది తీగెలే ముఖ్యము. వలకంచె యైనచో ఎనిమిది అడుగుల ఎత్తు మేలు. అయితే దుప్పి వీలైనంతవరకు దుమకదు, దూరును. పైన ఎంత ఎత్తు వేసినను క్రింద జానెడు సందు విడిచినచో వేయనట్లే.

పాత ఉపాయములను మేము తీసివేయుటలేదు. మంచె, తప్పెట, వడిసెల, ముండ్లకంప, గట్టున కిత్తనార అన్నియు మంచివే. పాతచీరలు కట్టుట, కుళ్లిన కోడిగ్రుడ్ల నీరు చల్లుట కూడ కొన్నాళ్లు పనిచేయును. వాన పడినచో వాసన పోవును. పది రోజులు గడచినచో చీర కదలికకు మృగము అలవాటుపడును. మార్చి మార్చి వాడవలయును. మంచెపై రాత్రి కాపలా కాయుటకు నేడు పడుచువారు ఏరీ? వారందరు ఫ్యాక్టరీ షిఫ్టులలో ఉన్నారు.

ఒక్క పని మాత్రము ఎన్నడును చేయరాదు. ఇంటి కరెంటును నేరుగా కంచె తీగెకు కలుపుట. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి సమీపమున ఇట్టి తీగె తగిలి మూడు ఏనుగులు ఒకే రాత్రి చనిపోయినవి. వాని వెంటనున్న రెండు గున్నలు బ్రతికినవి. ఆ రైతు చెరసాల పాలయ్యెను. మృగమే తగులవలెనన్న నియమమేమి? వేకువజామున నీరు కట్టబోయిన పొరుగువాడు తగులవచ్చును, మన బిడ్డయే తగులవచ్చును.

చంపుటయు దారి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వేట నేరము. పంటను పాడుచేయు కొన్ని మృగముల విషయమున ముఖ్యాధికారి వ్రాతమూలకముగా అనుమతి ఇయ్యవచ్చునుగాని, అది మనము తలచినంతనే చేతికి వచ్చునది కాదు.

అట్లని నష్టమంతయు రైతే భరింపవలెననుట న్యాయము కాదు. కర్నూలు సీమలో నందికొట్కూరు దాపున రోళ్లపాడు కలదు. అచ్చట బట్టమేక పక్షి కొరకు 1988లో అభయారణ్యము ఏర్పరచిరి. ఆ రక్షణ నీడన కృష్ణజింకలు మిక్కిలి పెరిగి చుట్టుపట్ల చేలపై పడినవి. రైతులకు అభయారణ్యమన్ననే విసుగు పుట్టినది. తుదకు ఏ పక్షి కొరకు ఇంత చేసిరో ఆ పక్షియే అచ్చట కనుమరుగైనది. దానికి కారణములు పెక్కు గలవు; రైతు మనసు విరుగుటయు వానిలో ఒకటి.

కావున అడుగవలసినది అడుగుదము. పొలము ఏ రాష్ట్రమున ఉన్నదో ఆ రాష్ట్రపు అటవీశాఖకే అర్జీ పెట్టుకొనవలెను. ఇటువైపు పొలమునకు పహణి, అటువైపు పొలమునకు పట్టా, చిట్టా, అడంగల్ కావలెను. ఏ మృగమువలని నష్టమునకు ఎంత ఇత్తురో కచేరీలో ముందుగనే విచారించి ఉంచుకొనుడు. నష్టము చూచిన ఉదయమే, చేనిలో కాలు పెట్టి అడుగుజాడలు చెరుపక మునుపే, ఫోటో తీయుడు. మేము ఒకసారి వారము దినములు ఆలసించి పోగా, అప్పటికి చిగురు తిరిగి వేసినది, చూపుటకు నష్టమే లేదనిరి!

మనవారిలో కన్నడము వ్రాయగలవారు కలరు. తమిళము వ్రాయువారు తక్కువ. తళి వైపు పొలములు గల ముసలివారు అర్జీ వ్రాయించుకొనుటకు ఇంటింటికి తిరుగుచున్నారు. తమిళ పాఠశాలలో చదివిన కోడండ్రు మన ఇండ్లలో ఇద్దరు ముగ్గురు కలరని విన్నాము. వారు రానున్న ఆదివారము సంఘమునకు ఒక గంట ముందుగా వచ్చినచో, పహణియో పట్టాయో చేతబట్టుకొని వచ్చిన పెద్దలను వరుసగా కూర్చుండబెట్టి ఆ పని అక్కడనే ముగింపవచ్చును. కంచె కలిపి వేసికొన దలచువారు తమ గట్టు పొరుగువానిని కూడ వెంటబెట్టుకొని రావలెను. అతడు తెలుగువాడైనను సరే, కాకున్నను సరే.