కాగితానికే తెలుసు



పోయిన నెల మా నాయనమ్మ పుట్టిన ఊరికి పోయాను. ఆ ఊళ్లో పాత గడీ ఉంది. దొర ఉండే పెద్ద ఇంటిని గడీ అంటారు. ఇప్పుడు దొర లేడు. దర్వాజ విరిగింది. గోడల మీద రావి మొక్కలు మొలిచాయి.

నేను చెప్పులతోనే లోపలికి నడిచాను. అప్పుడు నాయనమ్మ మాట గుర్తొచ్చింది. "గడీ ముంగటికి రాంగనే చెప్పులు చేతుల పట్టుకునేటోళ్లం బిడ్డా" అనేది.

నైజాం కాలంలో మన ఊళ్లలో వెట్టిచాకిరి ఉండేది. వెట్టి అంటే కూలి లేని పని. చాకలి బట్టలు ఉతకాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. మాదిగ చెప్పులు కుట్టాలి. దొర బిడ్డ అత్తగారింటికి పోతే, వెంట పేదింటి ఆడపిల్లను పంపేవారు. ఆమెను ఆడబాప అనేవారు. నీకు ఇష్టమేనా అని ఆ పిల్లను ఎవరూ అడగలేదు.

ఇంకొకటి భగేలా. పెండ్లికో, రోగానికో దొర దగ్గర అప్పు తెచ్చేవారు. కాగితం మీద వేలిముద్ర వేసేవారు. అప్పు తీరేదాకా దొర పొలంలో పని చేయాలి. తండ్రి చనిపోతే కొడుకు చేయాలి. మా నాయనమ్మ తండ్రి భగేలా. "ఎంత అప్పు నాయనమ్మా?" అని అడిగితే, "ఏమో బిడ్డా, కాగితానికే తెలుసు" అనేది.

ఆఫ్రికా మనుషులను ఓడల్లో అమెరికాకు తీసుకుపోయి అమ్మారు. పత్తి చేలల్లో పని చేయించారు. 1865లో అక్కడ బానిసత్వం రద్దయింది. మన భగేలాకు ఇనుప సంకెల లేదు. వేలిముద్రే సంకెల.

దీనికి ఎదురు తిరిగిన ఆడవాళ్లున్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం చేసింది. విసునూరు దేశ్‌ముఖ్ ఆ పంట తనదన్నాడు. ఐలమ్మ భయపడలేదు. సంఘం అండగా నిలిచింది. పంట ఆమె ఇంటికే చేరింది.

1950లో మన రాజ్యాంగం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. వెట్టి కింద ఉన్న అప్పు తీర్చనక్కరలేదని ఆ చట్టం చెప్పింది.

మరి వెట్టి పోయిందా? మన పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇటుక బట్టీలున్నాయి. దూరం నుంచి వచ్చినవాళ్లు ముందే అడ్వాన్సు తీసుకుని పనికి దిగుతారు. "అడ్వాన్సు తీరేదాకా కదలొద్దు, ఇంకో చోట పనికి పోవద్దు" అని ఎవరైనా అంటే అది భగేలానే. అది నేరం. తహసీల్దారుకో, కలెక్టరుకో చెప్పవచ్చు.

అక్కలారా, మనం అక్షరాలు నేర్చుకున్నాం. పనికి కుదిరేటప్పుడు కాగితం ఇస్తే ముందు చదవండి. ఎంత డబ్బు? ఎన్ని రోజులు? రోజుకు కూలి ఎంత? అర్థం కాకపోతే పక్కవాళ్లతో కలిసి చదవండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

మా నాయనమ్మ రోజుల్లో అప్పు సంగతి కాగితానికే తెలుసు. ఇప్పుడు మనకూ తెలియాలి.